సలోమి మేడం ఒప్పుకున్న పదహారు గీతలు

పాలకూర కాడ తాజాదైతే విరిచినప్పుడు టప్పుమంటుంది. నిన్నటిదైతే వంగుతుంది గాని విరగదు. ఈ ఆదివారం పొద్దున తార్నాకలో మెట్రో స్తంభం నీడన కూర్చున్న ఆకుకూరలామె దగ్గర ఒక కట్ట అందుకుని కాడ విరిచాను. టప్పుమంది. కాస్త మట్టి, కాస్త తడి ఇనుము కలిసినట్టుండే ఆ పచ్చి వాసన తగిలిందంటే నాకు ఒక పచ్చ దీపం, ఒక అయస్కాంతం హోరు, మా సలోమి మేడం ఒకేసారి గుర్తొస్తారు. వాళ్ల వెనకాలే నా జీవితంలోకెల్లా గొప్ప బేరం కూడా వచ్చి నిలబడుతుంది. గొప్పదే మరి. ఇదే తార్నాకలో ముప్పై కట్టల పాలకూరను సగానికి సగం ధరకు కొట్టుకొచ్చాను. అమ్మినామె నా మొహం చూసి, "ఏ దుకాణపోళ్ల బిడ్డవు నువ్వు?" అని అడిగి మరీ ఇచ్చింది. ఆ ఒక్క బేరంతో ఒక పెద్ద మనిషి ఏళ్ల తరబడి పెట్టుకున్న ఆశను దాదాపు గాలిలో కలిపేశాను. అంత తక్కువ పెట్టుబడితో అంత నష్టం తెచ్చినవాళ్లు మా వంశంలో ఇంకొకరు లేరు. ఈ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను, ఎందుకంటే మా వంశం చిన్నదేమీ కాదు.

మాది లాలాగూడ. రైల్వే క్వార్టర్ల మలుపులో నాన్నకు కిరాణా దుకాణం, పక్కన పెదనాన్నకు స్టీలు సామాన్ల దుకాణం, ఎదురుగా మేనమామకు బట్టల కొట్టు. నాకు మాటల కన్నా ముందు ధరలు వచ్చాయని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. నాన్న సరుకు కొనేటప్పుడు సంచి పైభాగం చూసేవాడే కాదు. మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, నడుమ ఎట్లా ఉందో చూసేవాడు. నడుమ వెచ్చగా తగిలిందంటే సరుకు లోలోపల పాడవుతున్నట్టే. అప్పుడు నాన్న మారు మాట్లాడకుండా చెయ్యి దులుపుకుని వచ్చేసేవాడు. నేను అదే విద్య నేర్చుకున్నాను గాని, వచ్చేయడం మాత్రం నేర్చుకోలేదు. నాకు వెచ్చగా తగిలితే, ధర తగ్గించమనడానికి ఒక కారణం దొరికినట్టు.

సలోమి మేడం దగ్గరికి నేను వెళ్లింది కూడా బేరానికే. కెమిస్ట్రీ ఎమ్మెస్సీ రెండో ఏడాది. నాన్నకు నడుము పట్టేసి నేను దుకాణంలో కూర్చోవలసి రావడంతో హాజరు తగ్గిపోయింది. సంతకం పెట్టాల్సింది ఆవిడ. సన్నటి మనిషి, నూలు చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. పల్నాడు వైపు నుంచి వచ్చిన బడిపంతులు గారి అమ్మాయి అని, ఆదివారం చర్చిలో పాడతారని, ఎవరినీ తిట్టరని, కానీ ఒక్క ప్రశ్నతో ఏడిపిస్తారని మాకు సీనియర్లు చెప్పి ఉంచారు.

"నాలుగు శాతం తగ్గిందమ్మా," అన్నారు కాగితం చూసి.

"రెండు శాతం మీరు వదిలేయండి మేడం. మిగతా రెండు నేను ఎట్లన్న జేసి పూరా చేస్తా."

"వదిలేయడానికి ఇవేమన్నా వంకాయలా?"

"పోనీ ఒకటిన్నర మేడం."

ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి మరీ నవ్వారు. నవ్వడం అయ్యాక మళ్లీ పెట్టుకుని నన్ను పైనుంచి కింది దాకా చూశారు. "ఆకుకూర కొనడం వచ్చా నీకు?" అన్నారు. వచ్చన్నాను. "అయితే నాలుగులో పావు కూడా తగ్గించను గాని, పని చేసి పూరించుకో. రేపు పొద్దున అయిదున్నరకి తార్నాక మార్కెట్‌కి రా. సంచి తెచ్చుకో." సంతకం కోసం వెళ్లిన దాన్ని సంచి పట్టుకునే ఉద్యోగంతో బయటపడ్డాను. నేను ఓడిపోయిన మొదటి బేరం అది. అయినా గుమ్మం దాటుతుంటే ఎందుకో గెలిచినట్టే అనిపించింది.

మేడం పని ఏమిటో అర్థం కావడానికి నాకు నెల పట్టింది. మీకు అంత సేపు పట్టకుండా చెప్పే ప్రయత్నం చేస్తాను. ఆకు ఎండ తగలగానే నీటిని చీల్చి మనకు ఆక్సిజన్ ఇస్తుందని చిన్నప్పుడే చదువుకున్నాం. ఆ చీల్చే చోట నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం ఒకదాన్నొకటి పట్టుకుని చిన్న కాపురం పెట్టుకుని ఉంటాయి. దానికి నాలుగుసార్లు వెలుగు అందితేగాని ఒక్క ఆక్సిజన్ బయటికి రాదు. మూడుసార్లకు ముప్పావు వంతు ఇవ్వడం, తర్వాత చూసుకుందాం అనడం దాని దగ్గర లేవు. ఈ సంగతి విన్నప్పుడు నాకు ఆకు మీద గౌరవం కలిగింది. మా వీధిలో ఇంత కచ్చితంగా దుకాణం నడిపినవాడు లేడు.

మరి ఆ కాపురంలోకి తొంగి చూడడం ఎట్లా? అందుకే ఎలక్ట్రాన్ స్పిన్ రెజొనెన్స్, మా అందరి నోట్లో ఇ.ఎస్.ఆర్. ప్రతి ఎలక్ట్రానూ బొంగరంలా చిన్న అయస్కాంతం. రెండు జంటగా ఉంటే ఒకటి ఇటు, ఒకటి అటు ఉండి లెక్క సరిపోతుంది, బయటికి చప్పుడుండదు. ఒంటరిగా మిగిలినదే మాట్లాడుతుంది. దాన్ని పెద్ద అయస్కాంతం నడుమ పెట్టి, మైక్రోవేవ్‌లు పంపి, అయస్కాంతం బలాన్ని నెమ్మదిగా పెంచుతూ పోతే, సరిగ్గా ఒక చోట అది ఆ తరంగాన్ని మింగుతుంది. యంత్రం పక్కనున్న కలం అప్పుడు కాగితం మీద ఒక గీత పైకీ కిందికీ గీస్తుంది. ఆ గీత ఎక్కడ వచ్చింది, ఎన్నిగా చీలింది అన్నదాన్ని బట్టి ఆ ఎలక్ట్రాన్ ఎవరింట్లో ఉందో, ఇరుగుపొరుగు ఎవరో చెప్పేయవచ్చు. మొదటిసారి ఆ కలం కదలడం చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒక ఆకులో జంట వీడిన ఎలక్ట్రాన్ల గుంపు, మా లాలాగూడ పిల్ల కళ్లముందు సంతకం పెడుతోంది!

ఆ యంత్రాన్ని చూసుకునేవాడు యాదగిరన్న. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన టెక్నీషియన్. ఆయన యంత్రాన్ని 'ముసలోడు' అనేవాడు. "ముసలోనికి ఇయ్యాల మనసు బాలేదు, జర ఆగుండ్రి" అంటే ప్రొఫెసర్లు కూడా బయట బెంచీ మీద కూర్చునేవారు.

మేడం పద్ధతులు రెండు చెప్పాలి. మొదటిది, ఆకు. చీకటితోనే వెళ్లి, ఊళ్ల నుంచి వచ్చే ఆటో ట్రాలీలోంచి దిగిన మొదటి సంచీ నుంచే కొనేవారు. ఎప్పుడు కోశారు, నీళ్లు చల్లారా, ఎండ తగిలిందా అని అడిగి అడిగి, అమ్మేవాళ్లకు విసుగొచ్చేది. బేరం మాత్రం ఆడేవారు కాదు. అది చూడలేక నేను మొహం తిప్పుకునేదాన్ని. తర్వాత కిటికీలకు నల్లగుడ్డ కట్టిన గదిలో, చిన్న పచ్చ దీపం కింద ఆకు రుబ్బడం. పచ్చ వెలుగును ఆకు పెద్దగా పట్టించుకోదు కాబట్టి అది ఇంకా చీకట్లోనే ఉన్నాననుకుంటుంది. ఆ గదిలో మాకు తెలియకుండానే మేం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం, ఆకు లేస్తుందేమో అన్నట్టు.

రెండోది, నోట్‌బుక్. కుడి పేజీలో ఏం చూశామో రాయాలి. ఎడమ పేజీలో ఏం చేశామో, చేసింది చేసినట్టు రాయాలి. చెయ్యి వణికితే వణికిందని, మధ్యలో ఫోనొస్తే ఫోనొచ్చిందని. "కుడి పేజీ అందరూ చదువుతారమ్మా," అనేవారు. "మనల్ని కాపాడేది ఎడమ పేజీ."

మేడం ఆశ ఒక్కటే. ఆ మాంగనీస్ కాపురానికి ఒక్కసారి వెలుగు చూపించి, అక్కడే గడ్డకట్టించి, ద్రవ హీలియం చల్లదనంలో ఇ.ఎస్.ఆర్. తీస్తే పక్కపక్కన పద్దెనిమిది దాకా గీతలు వస్తాయి. వేరే దేశాల్లో ఎప్పుడో చూశారు. మేడం మాత్రం మన ఎండల్లో పెరిగిన ఆకులో, మన ముసలోడి మీద చూడాలనుకున్నారు. మన ఎండకు అలవాటుపడ్డ ఆకులో ఆ కాపురం వేడిని ఇంకాస్త తట్టుకుంటుందేమోనని ఆవిడ అనుమానం. కానీ హీలియం మా క్యాంపస్‌కు చుట్టపుచూపుగా వచ్చేది. వచ్చినా ఫిజిక్స్ వాళ్లకే సరిపోయేది. ఆవిడ పదవీ విరమణ ఇంకో నెలన్నర ఉందనగా, ఒక శనివారం, మా వంతు వచ్చింది. మనిషి ఎత్తు వెండి రంగు ఫ్లాస్కు చక్రాల మీద దొర్లుకుంటూ వరండాలోకి వచ్చింది. మేడం దాని భుజం మీద చెయ్యి వేసి, ఊరి నుంచి వచ్చిన తోబుట్టువును చూసినట్టు చూశారు.

"రేపు ఆదివారం, పొద్దున ఆరాధనలో నేను పాడాలి," అన్నారు. "ఆకు నువ్వు తే. ముప్పై కట్టలు. పదింటికి మొదలుపెడదాం." డబ్బు చేతిలో పెట్టారు. అయిదున్నర అని వేరే చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉందనుకోలేదు.

నేను లేచింది ఏడింటికి. ఎనిమిదింటికి తార్నాక చేరేసరికి తాజా ఆకు హోటళ్లవాళ్లు ఎత్తుకుపోయారు. అంజవ్వ అనే ఆమె దగ్గర మాత్రం ఒక గోనెసంచి నిండా ఉంది, పైన నీళ్లు చల్లి నిగనిగలాడుతోంది.

"పొద్దుగాల్లదేనా అవ్వా?"

"ఇప్పుడే దిగింది బిడ్డా, సూడు ఎట్లున్నదో."

మోచేతి దాకా చెయ్యి పెట్టాను. నడుమ వెచ్చగా ఉంది. వెచ్చగా అంటే, నిద్రలేచిన పక్క ఎంత వెచ్చగా ఉంటుందో అంత. నిన్నటి సంచి. నేను చెయ్యి తీసి అంజవ్వ కళ్లలోకి చూశాను. ఆమె నవ్వింది. నేను నవ్వాను. సగం ధరకు తెగింది. మిగిలిన సగం మేడంకు తిరిగి ఇవ్వాలన్న ఆలోచన వచ్చింది గాని, కష్టపడి బేరమాడింది నేను కదా అన్న ఆలోచన దాన్ని తోసేసింది. ఆ సాయంత్రం పనంతా అయ్యాక, ఆ డబ్బుతోనే తార్నాక చౌరస్తాలో యాదగిరన్నకు మిర్చి బజ్జీలు, చాయ్ తినిపించి తాగించి, ఎందుకో మాత్రం చెప్పలేదు. అంతకుముందే పచ్చ దీపం కింద, ఎడమ పేజీలో, నా గుండ్రటి చేతిరాతతో రాశాను: 'ఆకు ఈ ఉదయం దిగింది. తాజా.'

సోమవారం పొద్దున, హీలియం ముట్టుకునే ముందు, మామూలు వేడిలోనే, రుబ్బిన ఆకు నింపిన సన్నటి గాజు గొట్టం ఒకటి యంత్రంలో పెట్టి చూడడం మా అలవాటు. మేడం ఇంకా రాలేదు. కలం కదిలింది. పైకి, కిందికి. మళ్లీ పైకి, కిందికి. సమాన దూరంలో, పెద్ద పెద్దగా, బారులు తీరిన సైనికుల్లా.

"సరితమ్మా, గిది సూడు! ఒక్కటి గాదు, ఆరున్నయ్!" అని యాదగిరన్న అరిచాడు. "ముసలోడు గింత ముచ్చటగ ఎన్నడు గీయలే!"

నేను ఎగిరి గంతేశాను. హీలియం లేకుండానే ఆరు గీతలు! మేడం ఏళ్ల తరబడి ఎదురుచూసినదాన్ని నేను ఒక్క పూటలో, అదీ సగం ధరకు తెచ్చేశాను. మేడం రాగానే కాగితం చించి చేతిలో పెట్టాను. ఆవిడ నిలబడే చూశారు. ఆ మొహంలో వెలుగు ఎంత నెమ్మదిగా ఆరిపోయిందో నేను ఈనాటికీ చెప్పగలను.

"ఇవి మాంగనీస్ గీతలేనమ్మా," అన్నారు. "కానీ ఇంట్లో ఉన్న మాంగనీస్‌వి కావు. ఇల్లు కూలిపోయి వీధిన పడ్డదానివి. బతికున్న ఆకులో ఇవి కనబడవు." కాగితం బల్ల మీద పెట్టి అడిగారు. "ఆకు ఎప్పటిది?"

"పొద్దుగాల్లదే మేడం. అప్పుడే దిగింది."

అంజవ్వ మాటనే, అంజవ్వ గొంతుతోనే చెప్పాను. మేడం తల ఊపారు. నమ్మారు. ఆవిడకు నమ్మకం లేకపోతే ఎంత బాగుండేది!

ఆ తర్వాతి అయిదు రోజులు మేడం తప్పు కోసం వెతికారు. నా దగ్గర కాదు, తన దగ్గర. రుబ్బిన ఆకును గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్‌లో థర్మామీటర్ పెట్టి చూశారు. గాజు సామాను మొత్తం తన చేత్తో కడిగారు. నీళ్లు మార్చారు. నేను గురువారం నాడు తెలివిగా ఒక దారి చూపించాను.

"మేడం, పోనీ కొత్త ఆకు తెచ్చి మళ్లీ చేద్దాం. ఈసారి మంచిగ వస్తదేమో."

"వస్తే? ఎందుకొచ్చిందో తెలుస్తుందా? కారణం దొరికేదాకా కొత్త ఆకు కొనేది లేదు," అన్నారు. నా దొడ్డిదారి అక్కడితో మూసుకుపోయింది.

ఈలోగా హీలియం ఆవిరైపోతోంది. ఎంత గట్టి ఫ్లాస్కయినా అది రోజూ కొంచెం కొంచెం ఎగిరిపోతుంది, మాది పాతది కాబట్టి ఇంకా ఎక్కువ. యాదగిరన్న రోజూ పొద్దున ఒక సన్నటి పొడుగు గొట్టం లోపలికి దించేవాడు. దాని పైకొనకు రబ్బరు పొర. దాని మీద బొటనవేలు పెడితే దడదడ కొట్టుకునేది. గొట్టం కింది కొన ద్రవాన్ని తాకగానే ఆ దడ మెల్లగా మారేది. ఆ చోట గీత పెట్టుకుని, ఎంత మిగిలిందో చెప్పేవాడు. ఒకరోజు నా వేలు కూడా పెట్టనిచ్చాడు. ఆ దడ నాదో, దానిదో తెలియలేదు. గీత మాత్రం రోజురోజుకీ కిందికి దిగుతోంది.

శనివారం మధ్యాహ్నం మేడం అలమర ముందు నిలబడి ఉన్నారు. పై అరలో పక్కపక్కనే రెండు సీసాలు. ఒకటి మేం వాడే ద్రావణం. రెండోది ఆకులోంచి కావాలనే మాంగనీస్‌ను కడిగేయడానికి వాడేది. రెండూ ఒకేలా ఉంటాయి, చీటీ తప్ప.

"ఆ పచ్చ దీపం వెలుగులో నేను ఇది తీసి ఉంటాను యాదగిరీ," అన్నారు. "ఇంకేం కారణం లేదు. అన్నీ చూశాను. నా చెయ్యే తప్పింది." తన చేతులు తిప్పి చూసుకున్నారు, వేరే ఎవరివో చూసినట్టు. "వయసైంది. హీలియం ఫిజిక్స్ వాళ్లకు ఇచ్చెయ్. మిగిలింది వాళ్లకన్నా పనికొస్తుంది."

"గట్లనకుండ్రి మేడం," అన్నాడు యాదగిరన్న. కానీ ఫ్లాస్కు వైపు కదిలాడు. చక్రాల బ్రేకు తీసిన చప్పుడు వినబడింది.

నేను చాలా బేరాలు చూశాను. ఒక్కోసారి అవతలివాడు మెల్లగా లేచి చెప్పులు వేసుకుంటాడు. ఇంక ఆగితే మనిషి వెళ్లిపోతాడని తెలుస్తుంది. ఆ క్షణమే అది.

"మేడం, ఆకు నిన్నటిది," అన్నాను. కంగారులో అది ఏ రోజుకు నిన్నో కూడా చెప్పలేదు. "ఆదివారం నేను లేటుగ పోయిన. శనివారం సంచి అది. సగానికే ఇచ్చింది. నాకు తెలుసు మేడం. తెలిసే కొన్న."

బ్రేకు చప్పుడు ఆగింది. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ అడిగింది వేరు.

"తెలుసని ఎట్లా తెలుసు?"

"నడుమ చెయ్యి పెట్టి చూసిన మేడం. వెచ్చగుంది."

"వెచ్చగానా?" ఆవిడ గొంతు మారిపోయింది. "ఎంత వెచ్చగా? పైన కూడానా, నడుమేనా? రాత్రంతా అట్లానే ఉందా సంచి?" ఒక్కో ప్రశ్నకూ ఒక్కో అడుగు దగ్గరికి వస్తున్నారు. "వేడి! ఆ కాపురానికి వేడి పడదే! వేడికే మాంగనీస్ ఊడిపోతుంది! మూసిన సంచీలో ఆకు తన వేడికి తానే ఉడికిపోయింది. అంటే నా సీసా సరిగ్గానే ఉంది. నా చెయ్యి సరిగ్గానే ఉంది యాదగిరీ!" అని రెండు చేతులూ పైకెత్తి చూపించారు. చిన్నపిల్లలు బడిలో చేతులు కడుక్కున్నామని చూపిస్తారే, అట్లా. కళ్లలో నీళ్లు, మొహం నిండా నవ్వు. అప్పుడు నా వైపు తిరిగారు. నవ్వు అట్లాగే ఉంది గాని మాట గట్టిగానే వచ్చింది. "అయిదు రోజులు నేను నా చేతుల్ని నమ్మలేదమ్మా. వెళ్లి ఎడమ పేజీ తియ్. పాతది చెరిపెయ్యకు, ఒక్క గీత పెట్టి, కింద జరిగింది రాయి. సంచి నడుమ ఎంత వెచ్చగా ఉందో కూడా రాయి."

రాశాను. 'నిద్రలేచిన పక్కంత వెచ్చగా' అని రాశాను. ఆవిడ చదివి, "ఇది కొలత కాదు గాని, ఉండనీ," అన్నారు.

మర్నాడు మళ్లీ ఆదివారం. చీకటితోనే తార్నాకకు ఇద్దరం వెళ్లాం. "ఆరాధన మేడం?" అని గుర్తుచేశాను. "దేవుడు సాయంత్రం కూడా ఉంటాడు. హీలియం ఉండదు," అన్నారు. ట్రాలీ ఆగగానే మొదటి సంచీలో నేనే చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ఆ సంచి అంజవ్వదే. ఆమె నన్ను గుర్తుపట్టి, సగం ధర అడుగుతానేమోనని సంచి తన వైపు లాక్కుంది. అడిగినంత ఇచ్చాను. ఆమెకు అనుమానం వచ్చింది. "ఏంది బిడ్డా, పాణం బాగలేదా?" అంది.

మధ్యాహ్నానికి గొట్టం సిద్ధమైంది. మామూలు వేడిలో చూస్తే ఆ ఆరు గీతలు లేవు. ఏమీ లేకపోవడం చూసి ముగ్గురు మనుషులు అంత సంబరపడడం నేనెన్నడూ చూడలేదు. యాదగిరన్న హీలియం గొట్టం కలిపాడు. తెల్లటి పొగ, సన్నటి ఈల. "ఒక్కసారికే సాలుతది మేడం," అన్నాడు. ముందు వెలుగు చూపకుండా తీశారు. కలం దాదాపు సాఫీగా సాగిపోయింది. గొట్టం బయటికి తీసి, ఒక్కసారి వెలుగు చూపించి, మళ్లీ పెట్టారు. అయస్కాంతం హోరు. కలం కదల్లేదు. కదల్లేదు. తర్వాత చిన్నగా వణికింది. పక్కనే ఇంకోసారి. ఇంకోసారి! దువ్వెన పళ్లలాగా, ఒకదాని పక్కన ఒకటి, ఆ కాగితం మీద ఒక బతికున్న ఆకు లోపలి ఇల్లు తలుపు తీస్తోంది.

"పంతొమ్మిది!" అన్నాను వేలితో లెక్కపెట్టి.

"పదహారు," అన్నారు మేడం.

"మేడం, ఈ చివర రెండున్నయి సూడండి. పోనీ పద్దెనిమిది."

"ఆ చివరివి యంత్రం వణుకు. పదహారు."

"పదిహేడన్న ఒప్పుకోండి మేడం!" అన్నాడు యాదగిరన్న నా తరఫున.

"పదహారుకు మించి ఒక్కటి కూడా ఒప్పుకోను," అన్నారు. పైకి పోవాల్సిన బేరాన్ని కిందికి లాగే మనిషిని నేను అప్పుడే చూశాను. తనకు రావాల్సిన దాన్ని తానే తగ్గించుకుంటున్నారు, అదీ అంత సంతోషంగా! ఇంకోసారి తీద్దామనేసరికి ఈల ఆగిపోయింది. యాదగిరన్న గొట్టం దించి, రబ్బరు మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

మూడుసార్లు కనబడితేగాని చూశామని చెప్పకూడదన్నది మేడం నియమం. ఒక్కసారే కనబడింది. మళ్లీ హీలియం వచ్చేసరికి ఆవిడ పదవీ విరమణ అయిపోయింది. పదహారు గీతల సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. ఎండకు అలవాటుపడ్డ ఆకు గురించి ఆవిడ అనుమానం అనుమానంగానే ఉండిపోయింది. అడిగితే, "ముగ్గురం చూశాం కదమ్మా," అనేవారు.

కానీ ఆ చచ్చిన ఆకు గీతలున్నాయే, ఆ ఆరు, అవి వృథా పోలేదు. వాటికి హీలియం అక్కర్లేదు. విరమణకు మిగిలిన నెలరోజులూ మేడం నన్ను కూర్చోబెట్టి, ఇవాళ్టి ఆకు, నిన్నటి ఆకు, సంచీ నడుమ ఆకు, నీళ్లు చల్లిన ఆకు అన్నీ వరసగా తీయించారు. ఆకు ఎంత వాడితే ఆ ఆరు గీతలు అంత పెరిగాయి. అదే నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు అయింది. ఆ ప్రాజెక్టు చూపించే హబ్సిగూడలో ఆహార పదార్థాలు పరీక్షించే చోట ఉద్యోగం సంపాదించాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. పైకి నిగనిగలాడే సరుకు నడుమ ఎట్లా ఉందో చెప్పడమే నా పని. నా కింద పనిచేసే పిల్లలు ఎడమ పేజీ ఖాళీగా వదిలితే నేను సంతకం పెట్టను. బేరం ఆడతారు. ఒప్పుకోను.

మేడం పోయిన ఏడాది పోయారు. ఆవిడ చెల్లెలు నాకు ఆ నోట్‌బుక్ పంపింది. నా 'తాజా' మీద ఒక్క గీత, కింద నిద్రలేచిన పక్క, కుడి పేజీలో అతికించిన కాగితం, దాని అంచున మేడం పెన్సిల్‌తో వేసిన పదహారు చుక్కలు. పదిహేడోది దగ్గర ఒక చుక్క పెట్టి, చెరిపేసిన మరక ఉంది.

ఇంక తుది బిల్లు. పాలకూర సగం ధరకు వచ్చింది. దానికి పోయినవి: ఒక మనిషి తన చేతుల్ని తాను నమ్మని అయిదు రోజులు, రెండుసార్లు తీయడానికి సరిపోయే హీలియం, పత్రికలో అచ్చుకావలసిన ఒక వ్యాసం. ఇవన్నీ మేడం వైపు. నా వైపు ఒక డిగ్రీ, ఒక ఉద్యోగం, ఒక నోట్‌బుక్, ఆ పదహారు గీతలు చూసిన ముగ్గురిలో ఒకదాన్నన్న మాట. ఎట్లా కలిపినా లాభం నాకే వచ్చింది, నష్టం ఆవిడకే. ఇందులో ఎక్కడా తగ్గింపు లేదు. ఒక్కటి మాత్రం మిగిలింది, అదీ రాయాలి, ఎడమ పేజీ కాబట్టి: ఆ సాయంత్రం మేడం డబ్బుతో తిన్న మిర్చి బజ్జీలు చాలా బాగున్నాయి.